కత్తిరించి కుట్టిన పుస్తకం

హలో… ఆ, నేనే. ఎవరికేమైంది?

…

ఏం కాలేదా? నిజంగా?

సరే, సరే కొమాద్రే. మరి మీ దుకాణంలో సూప్ పోసే వేళ కదా ఇది. ఈ వేళప్పుడు మీ పేరు ఫోన్‌లో కనిపిస్తే నేనేమనుకోవాలి? గుండె ఆగింది అనుకోండి. బంగాళాదుంపలు తరుగుతున్నానా, కత్తి జారి వేలు గీసుకుంది.

— లేదు లెండి, కొంచెమే. రక్తం చూస్తేగానీ నాకే తెలీలేదు. ఈ మధ్య ఏదీ తెలీడం లేదు.

ఇక్కడా వానే. పొద్దుణ్ణించీ. … ఆ, కొండకేసి చూస్తూనే ఉన్నాను. చూడొద్దంటే మానుతానా? నా కళ్ళు నా మాట వినవు.

…

విన్నారా నా మెసేజ్? అవును, టీచరమ్మ రమ్మని కబురు పెట్టింది. లిహియా టీచరమ్మ. ఇందాకే వెళ్ళొచ్చాను.

— కాదు కాదు, జ్వరం కాదు. దెబ్బలాటా కాదు. మీ జ్ఞానకూతురు, మా యురానీ, దెబ్బలాడితే నేను కొవ్వొత్తి వెలిగించి పండగ చేసుకుందును. వెనకాల ఉంది, గినీ పందులకి గడ్డి వేస్తోంది. అందుకే మెల్లిగా మాట్లాడుతున్నాను. వినపడకపోతే చెప్పండి.

పిల్లని పాస్తోకి, మీ దగ్గరికి పంపే సంగతా? … లేదు, దాని గురించి ఇంకా ఏమీ అనుకోలేదు. మీరు అడుగుతూనే ఉన్నారు, నేను ఆలోచిస్తున్నాననే చెబుతున్నాను. నిజం చెప్పాలంటే ఆలోచించడం కూడా లేదు. కూర్చుంటే కూర్చునే ఉంటున్నాను.

…

చెబుతాను, చెబుతాను. ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలీక. పుస్తకం దగ్గర్నుంచి మొదలెట్టాలి. నవ్వకండి మరి.

బడికి కొత్త బొమ్మల పుస్తకాలొచ్చాయి. ఎవరో పంపించారట, పెట్టెడు. మన ఊరి పద్ధతి మీకు తెలుసుగా, కొత్త పుస్తకమొస్తే తల్లులం తలా ఒకటి ఇంటికి తెచ్చుకుని ప్లాస్టిక్ అట్ట వేసి, ఊడిన కాగితాలుంటే కుట్టి, మళ్ళీ బడికి పంపిస్తాం.

— ఆ, మీ అమ్మగారు అట్ట వేశాక దిండు కింద పెట్టుకుని పడుకునేవారు, మడతలు పోవాలని. గుర్తుంది. మీ పుస్తకాలన్నీ పొగాకు వాసనేసేవి.

నా వంతుకీ ఒకటొచ్చింది. పెద్దది, మంచి దళసరి కాగితం. తెరిచి చూద్దును కదా, లోపలంతా తప్పు.

— తప్పంటే తప్పే! ప్రతి పేజీలో నాలుగు గడులు. పైన ఒక గడిలో ఒకావిడ బట్టలారేస్తోంది. దాని పక్కన ఒకడు మేకని వెతుక్కుంటున్నాడు. కింద ఏరు, పడవరేవు, పెళ్ళికూతురు, బాజాలవాళ్ళు. చివరి గడిలో రొట్టెలు కాల్చేవాడు. పేజీ తిప్పితే మళ్ళీ ఆ నలుగురే. మాటలున్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. నేను చదివింది మూడో తరగతి. నాలుగైదుసార్లు తిరగేశాను. అటునుంచి ఇటు కూడా చదివాను.

అచ్చువేసినవాళ్ళు నాలుగు పుస్తకాలు ఒకేచోట కలిపి కొట్టేశారనుకున్నాను. పెద్ద పట్నాల్లో మిషన్లు కదా, ఎవరు చూడొచ్చారు. ఇప్పుడు ఇది బడికి పంపితే, పాడు చేసింది నేనే అంటారు. లేదా పిల్లలు చదివి బుర్ర చెడగొట్టుకుంటారు. యురానీ అసలే…

…

ఆ. కత్తిరించాను.

…

నవ్వొద్దన్నానా లేదా!

గీతల వెంట కత్తిరించాను కొమాద్రే, ఎంత సూటిగా అనుకున్నారు. బట్టల కత్తెరతో. బట్టలావిడవన్నీ ఒక కుప్ప, మేకవాడివి ఒక కుప్ప, పెళ్ళివాళ్ళవి ఒకటి, రొట్టెలవాడివి ఒకటి. గోతాల దారంతో నాలుగూ విడివిడిగా కుట్టాను. నాలుగింటికీ అట్టలు వేశాను. అరచేతంత పుస్తకాలు, ముచ్చటగా వచ్చాయి. ఎన్నాళ్ళకో ఒక పని చేశాననిపించింది.

నిన్న బడి వంట వంతు నాదే. గిన్నెతోపాటు పుస్తకాలు కూడా నేనే పట్టుకెళ్ళి టీచరమ్మ చేతిలో పెట్టాను. "తప్పు సరిచేశానండీ" అని కూడా అన్నాను.

…

ఏమంటుంది? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో నాకు తెలీలేదు. ఆ తర్వాత, "డోన్యా ఒమైరా, అది అలాగే ఉండాలండీ. నాలుగు కథలు కలిసే నడుస్తాయి. పిల్లలు నాలుగు గడులూ చూస్తూ, ఏది ఎక్కడ కలుస్తుందో వాళ్ళే పట్టుకోవాలి" అంది.

ఇంకేముంది అనుకున్నాను. పుస్తకం నాశనం చేశాను. ఇక మా పిల్లని బడికి రానివ్వరు, ఊరంతా చెప్పుకుంటారు, ఫాదర్‌గారి దాకా వెళుతుంది…

— అనుకుంటాను కొమాద్రే, నా బుర్ర అలాగే పోతుంది. మీకు కొత్తా?

కానీ ఆవిడ ఒక్క మాటనలేదు. కాసేపు నాలుగు పుస్తకాలూ చేతిలో తిప్పి చూసింది. "పోనీ ఇలాగే చూద్దాం" అంది.

మన బడి తెలుసుగా, ఒకటే గది, ఒక్కరే టీచరమ్మ, వరసకో తరగతి. వరసకో పుస్తకం ఇచ్చింది. ఎవరి కథ వాళ్ళే చదవాలి, పక్కవాళ్ళది తొంగి చూడకూడదు. తర్వాత వరసకొకరు లేచి వాళ్ళ కథ చెప్పాలి.

వంటగదికీ తరగతికీ మధ్య ఒక చెక్క గోడే కదా. అన్నీ వినిపిస్తాయి. నేను సూప్ కలుపుతూ వింటున్నాను.

…

యురానీ వరసకి బట్టలావిడ వచ్చింది.

ముందు వీళ్ళు చెప్పారు. ఆవిడ ఎర్ర దుప్పటి ఆరేసింది, గాలికి ఎగిరిపోయింది, ఆవిడ వెతుక్కుంటూ కూర్చుంది. అంతే, వాళ్ళ కథ అయిపోయింది. తర్వాత మేకవాడి వరస లేచారు. మేక కొమ్ములకి ఎర్ర దెయ్యం పట్టింది, పిచ్చెత్తి ఏటివైపు పరిగెత్తింది అన్నారు. అప్పుడు పెద్ద తరగతిలో ఆ అన్సెల్మో లేడూ, కోతిపిల్ల, వాడు అరిచాడు: "దెయ్యం కాదురా, మా పడవలోకి దూకిన సైతానదే!" ఇంకోడు, "మీ సైతానుకి అంచు కుట్టి ఉందేమిట్రా, అది వాళ్ళ దుప్పటిరా, గాడిదా!"

ఇక గోల. బెంచీలు ఎక్కారు. నాలుగు పుస్తకాలూ నేలమీద పరిచి, పేజీకి పేజీ ఆనించి పెట్టడం మొదలెట్టారు. నేను విడదీసింది వాళ్ళు మళ్ళీ అతుకుతున్నారు. దుప్పటి కొమ్ములకి పడింది, మేక పడవలోకి దూకింది, పడవవాడు భయపడి రేవు వదిలి పారిపోయాడు, పెళ్ళికూతురు రేవులోనే ఆగిపోయింది, రొట్టెలవాడు పెళ్ళివాళ్ళు ఇంకా రారేమని దారికేసి చూస్తూ పొయ్యి సంగతి మర్చిపోయాడు. రొట్టెలన్నీ మాడి బొగ్గు.

— ఆ, బాగుంది కదూ? నాకూ బాగుందనిపించింది. గరిటె తిప్పుతూ నవ్వాననుకుంటాను. సరిగ్గా గుర్తు లేదు.

…

ఉండండి. పిల్ల ఇటు వస్తోందేమో…

లేదు. నీళ్ళకి వెళుతోంది.

అప్పుడు టీచరమ్మ అడిగింది: "మరి రొట్టెలు ఎవరివల్ల మాడాయి?" అని. గాలివల్ల అన్నారు కొందరు. మేకవల్ల అన్నారు. అన్సెల్మో అయితే, "పెళ్ళి చేసుకోవడం వల్ల టీచర్, చేసుకోకపోతే ఏ గొడవా లేదు" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు.

అప్పుడు నా కూతురు గొంతు వినిపించింది.

— అవును! తరగతిలో నోరు విప్పింది. మా ఆయన సెగుందో పోయాక మొదటిసారి. నా ప్రాణం లేచొచ్చింది. నోరు విప్పింది, దేవుడా, అనుకున్నాను.

"దుప్పటికి క్లిప్పు పెట్టనావిడ వల్ల" అంది.

టీచరమ్మ, "పాపం, ఆవిడకేం తెలుసు తల్లీ?" అంది. "తెలీకపోయినా ఆవిడ వల్లే" అంది ఇది. ఆ తర్వాత…

…

చెబుతున్నాను.

"మా నాన్నదీ అంతే. నేను రంగు పెన్సిళ్ళు అడిగాను. అందుకని నాన్న పాస్తోలో షాపులన్నీ తిరిగాడు. అందుకని మధ్యాహ్నం చివా బస్సు వెళ్ళిపోయింది. అందుకని సాయంత్రం చివా ఎక్కాడు. అందుకని పెద్ద మలుపు దగ్గర కొండ విరిగి పడ్డప్పుడు నాన్న అక్కడున్నాడు." అంది.

అందుకని, అందుకని… ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది కొమాద్రే. ఎక్కడా తడబడలేదు. ఎప్పుడో కంఠతా పట్టేసింది. బయటికి చెప్పడానికి ఒక చోటు దొరికిందంతే.

…

నేనా? నేనేం చేస్తాను. సూప్ కలుపుతూనే ఉన్నాను.

అదే నాకు అర్థం కావడం లేదు. పరిగెత్తాలి కదా? గోడ పగలగొట్టుకుని వెళ్ళి పిల్లని పట్టుకోవాలి కదా? వేరే తల్లయితే ఆ పని చేస్తుంది. నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఉప్పు వేశానా లేదా అనుకున్నాను. ఉప్పు వేశాను కూడా.

తర్వాత పిల్లలు పళ్ళాలు పట్టుకుని వచ్చారు. అదీ వచ్చింది. పోశాను. తిని వెళ్ళిపోయింది.

…

అదే కొమాద్రే, అది మళ్ళీ పొయ్యమని అడగదు. అదే కదా మీతో చెబుతూ వచ్చింది. క్రిస్మస్‌కి గౌను అడగలేదు. బూటు అడుగు ఊడిపోతే లోపల అట్టముక్క పెట్టుకుని నడిచింది, నాకు చెప్పలేదు. ఆకలేస్తే అన్నం అడగదు, నేను పిలిచేదాకా గుమ్మంలో నిలబడుతుంది. ఊళ్ళోవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు తెలుసా? "నీ కూతురు బంగారం, తండ్రి పోయిన ఇంటి కష్టం తెలుసుకుంది" అని. నేను కూడా అలాగే అనుకున్నాను. కష్టం తెలుసుకుంది అనుకున్నాను.

అది అడగడానికి భయపడుతోంది కొమాద్రే. అడిగితే మనుషులు చచ్చిపోతారనుకుంటోంది.

…

ఆ పెన్సిళ్ళా? ఉన్నాయి. సంచిలో దొరికాయి కదా, బురదతో. తుడిచి దాని చేతికిచ్చింది నేనే. మీ నాన్న నీకోసం తెచ్చాడమ్మా అని చెప్పి మరీ ఇచ్చాను. పెట్టె మూత కూడా తియ్యలేదు. దాచుకుంటోంది, ప్రేమ, అనుకున్నాను.

…

చెప్పాం. టీచరమ్మ అక్కడికక్కడే చెప్పింది, నీ తప్పేం లేదు తల్లీ అని. రాత్రి నేనూ చెప్పాను. వానవల్ల కొండ జారింది, నీకేం సంబంధం అన్నాను. తలూపింది. మీకు తెలుసుగా దాని తలూపడం. మందు తాగు అంటే ఊపినట్టు.

ఈ రోజు టీచరమ్మ పిలిచి కూర్చోబెట్టింది. మందలిస్తుందనుకుని గుండె చిక్కబట్టుకుని వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. "ఊరికే నీ తప్పు కాదంటే పిల్ల నమ్మదు డోన్యా ఒమైరా. అది పేజీకి పేజీ ఆనించి చూసిన పిల్ల. మీ ఆయన ఆ రోజు ఎందుకు ఆలస్యమయ్యారో నిజంగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. పొద్దున బంగాళాదుంపల బస్తాలు వేసుకుని వెళ్ళాడు, మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తానన్నాడు. రాలేదు. ప్రతి రోజూ భయపడేదాన్ని, ఆ ఒక్క రోజూ నాకు భయమెయ్యలేదు కొమాద్రే. మొక్కజొన్నలు ఉడకబెట్టుకుంటున్నాను. కన్ను కూడా అదరలేదు.

ఇక ఎవరినడగాలి? బస్సులో ఉన్నవాళ్ళెవరూ లేరు కదా. పోనీ షాపులవాళ్ళని…

…

కొమాద్రే?

హలో?

హలో… వినిపిస్తోందా? కొండమీద వానకి సిగ్నల్… హలో?

…

ఏడుస్తున్నారా?

ఏమైంది? ఎవరు పోయారు? ఇందాక ఏం కాలేదన్నారు! ఏదో దాచారు, నాకు తెలుసు, మొదట్నుంచీ గొంతు తేడాగా ఉంది. చెప్పండి. నించునే ఉన్నాను, కూర్చోమంటే కూర్చుంటాను, చెప్పండి.

…

మీ దగ్గరికా?

ఎప్పుడు?

…

ఆ రోజా?

…

మీ దుకాణంలోనా? మీ దగ్గరికి వచ్చాడా ఆ రోజు?

…

కూర్చున్నాను. చెప్పండి.

…

ఊఁ.

ఊఁ.

… పెన్సిళ్ళు చూపించాడా?

బల్లమీద పెట్టి? … ముందే కొనేశాడు. పొద్దునే. బస్తాలు దింపగానే.

మరి… షాపులు తిరగలేదు.

ఏమన్నాడు? ఆ మాట మళ్ళీ చెప్పండి.

…

"ఇందులో ఏ రంగు ముందు అరగదీస్తుందో పందెం వేయండి కొమాద్రే" అన్నాడా. … మీరు ఎరుపన్నారు. తను?

… గోధుమరంగు. ఊఁ. కుక్కలు వేస్తుంది కదా, అందుకని.

తర్వాత?

…

ఏం సూప్?

— ఏం లేదు, తెలుసుకుందామని. ఏం సూప్ పోశారు? … మొక్కజొన్నది. పందిమాంసం ముక్క వేశారా? … రెండోసారి పోయించుకున్నాడా? మంచిది.

…

ఊఁ.

తల బల్లమీద పెట్టాడు.

నిద్రపోయాడు.

…

ముందురోజంతా దుంపలు తవ్వాడు కొమాద్రే. తెల్లవారకముందే బస్తాలెత్తాడు. పడుకోమంటే, బస్సులో పడుకుంటానన్నాడు.

గురక పెట్టాడా? … పెడతాడు. బోర్లా పడుకుంటే పెడతాడు.

మధ్యాహ్నం చివా హారన్ కొట్టింది. మీకు వినిపించింది.

…

మీకు వినిపించింది.

…

చూశారు. చూసి, లేపలేదు.

…

రేడియో కూడా ఆపేశారా? నిద్ర చెడకూడదనా?

…

సాయంత్రం బస్సుంది కదా, పడుకోనీ అనుకున్నారు.

ఊఁ.

…

లేచాక తిట్టుకున్నాడా? … నవ్వాడా. "ఒమైరా నన్ను చంపుతుంది" అన్నాడా.

…

ఉన్నాను. ఉన్నాను కొమాద్రే. ఫోన్ పెట్టెయ్యలేదు.

…

లేదు. కోపం లేదు. వెతుకుతున్నాను, దొరకడం లేదు. తిమ్మిరెక్కిన కాలు గిల్లుకున్నట్టుంది. గిల్లుతున్నానని తెలుస్తోంది, నొప్పే రావడం లేదు. తర్వాత వస్తుందేమో. వస్తే ఫోన్ చేసి తిడతాను.

నువ్వెందుకు చెప్పలేదు సొరైదా?

… క్షమించండి. చిన్నప్పట్లా పేరుపెట్టి నువ్వు అనేశాను, కొమాద్రే అనకుండా.

…

అవును. తను పోయాక తొమ్మిది రాత్రులు జపమాలకి నా పక్కనే కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. నోటిదాకా వచ్చి ఉంటుంది.

— తెలుసు. నేనైనా చెప్పను. ఎవరు చెప్పుకుంటారు? హారన్ మోగితే లేపలేదని ఎవరు చెప్పుకుంటారు?

అందుకా పిల్లని మీ దగ్గర పెట్టుకుంటానన్నారు?

…

ఏడవకండి. దుకాణంలో జనం ఉన్నారేమో. … ఎవరూ లేరా. సరే, ఏడవండి.

…

వినండి. నా మాట వినండి కొమాద్రే.

అది ఇప్పుడొస్తుంది. మీరు దానికి చెప్పాలి.

…

మీరే.

…

కాదు, నేను చెప్పను. నేను చెబితే బుజ్జగింపు. వాళ్ళ నాన్న దేవుడి దగ్గర దుంపలు తవ్వుతున్నాడని చెప్పాను, తలూపింది. కొండ తనంతట తానే జారిందన్నాను, తలూపింది. రేపు, మీ నాన్న నీ మద్రీనా దుకాణంలో నిద్రపోయాడే అని నేనంటే దానికీ తలూపుతుంది. అమ్మలు పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఏదైనా చెబుతారని దానికి తెలుసు. అది తెలివైన పిల్ల, వాళ్ళ నాన్న పోలిక.

మీరు చూశారు. ఆ బల్లా, ఆ పెన్సిళ్ళూ, ఆ హారనూ మీ కళ్ళముందే జరిగాయి. దాని దగ్గరున్న కథలో ఆ కాగితం లేదు కొమాద్రే. మీ దగ్గరుండిపోయింది. అది లేకుండానే అతుక్కుంది పాపం, ఉన్నవాటినే దగ్గరికి లాక్కుని.

…

ఆ. అసహ్యించుకోవచ్చు.

అబద్ధం చెప్పను, మిమ్మల్ని అసహ్యించుకోవచ్చు. మళ్ళీ మద్రీనా, జ్ఞానతల్లీ అని పిలవకపోవచ్చు. వచ్చే ఆదివారం మీరొస్తే గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోవచ్చు. నాకు ఎప్పుడూ చెడ్డదే తోస్తుంది కదా, ఇంకా చాలా తోస్తున్నాయి, అవన్నీ చెప్పి మిమ్మల్ని భయపెట్టను.

కానీ మీరు పెద్దవాళ్ళు. మీ నడుము గట్టిది. మీరు మొయ్యగలరు. దాని నడుము చూశారా ఎంతుందో? నీళ్ళ బిందెకే వంగిపోతుంది.

…

రేపు కాదు.

రేపటికి మీరు మాట మారుస్తారు, నేను మనసు మారుస్తాను. ఇద్దరం ఒకటే. ఇవాళ బస్సు రాదేమో, ఆదివారం చూద్దాం, ఎదురుగా కూర్చుని చెబుదాం… వద్దు. ఇంకో రాత్రి అది ఆ అందుకనిలన్నీ లెక్కపెట్టుకుంటూ పడుకోవాలా? పెదవులు కదులుతుంటాయి కొమాద్రే, నిద్రలో. ప్రార్థన అనుకుని దుప్పటి కప్పేదాన్ని.

…

ఎలా చెప్పాలంటే… నాకు చెప్పినట్టే చెప్పండి. పందెం సంగతి చెప్పండి. గోధుమరంగని చెప్పండి. నిద్రపోయాడని చెప్పండి, మీకు లేపాలనిపించలేదని చెప్పండి. అలిసిపోయినవాణ్ణి లేపలేకపోవడం దానికి తెలుసు. నేను కునుకు తీస్తుంటే అది కుక్కని బయటికి తరుముతుంది, మొరగకుండా.

తప్పు మీదేనని మాత్రం చెప్పకండి. అది టీచరమ్మ అడిగిందే మళ్ళీ. ఎవరివల్ల, ఎవరివల్ల అని. జరిగింది చెప్పండి, చాలు. మిగతాది అదే చూసుకుంటుంది.

…

చేతకాదంటే ఎలా?

జ్ఞానస్నానం రోజు గుర్తుందా మీకు? దానికి మూడు నెలలు. నోట్లో పాలు తప్ప మాట లేదు. ఫాదర్‌గారు దాన్ని అడిగారు, నమ్ముతున్నావా అని, సైతానుని వదిలేస్తున్నావా అని. దాని బదులు మీరు చెప్పారు జవాబు. దాని తల మీ చేతిలో ఉంది. మీ గొంతు వణికింది కూడా, సెగుందో నన్ను గిల్లి నవ్వాడు. అయినా చెప్పారు. గుడంతా వినేట్టు చెప్పారు.

దాని నోటికి మాట రాని చోట మీరు చెప్పాలి కొమాద్రే. దానికే కదా మిమ్మల్ని పెట్టుకున్నాం.

…

ఊఁ.

…

నీళ్ళు తాగండి. ఉంటాను, తాగి రండి.

…

…

ఆ. సరే. సరే కొమాద్రే.

నేనిక్కడే ఉంటాను. పక్కనే కూర్చుంటాను. నాకేమీ తెలీడం లేదని చెప్పాను కదా, కానీ చెయ్యి పట్టుకోవడం వచ్చు. అది చేస్తాను.

యురానీ!

… బిందె అక్కడే దింపు. ఉండనీ, తర్వాత పోద్దువుగాని. ఇలా రా.

చెయ్యి తుడుచుకో.

మద్రీనా. పాస్తో నుంచి. … కాదు, నాతో అయిపోయింది. నీతో మాట్లాడాలట.

… ఏమో, ఆవిడే చెబుతుంది. కూర్చో. ఇటు, నా పక్కకి, పొయ్యి దగ్గరికి. ఎంత చల్లగా ఉన్నాయో వేళ్ళు.

కొమాద్రే, ఇస్తున్నాను.

… చెవికి పెట్టుకోమ్మా. కాదు, తలకిందులుగా పట్టుకున్నావు. తిప్పు. … ఆ, అలాగ.

చెప్పండి. వింటోంది.